కాయలోని పలుకు

హస్త, చిత్త కార్తెలు దాటి, పెరికిన చెనక్కాయ చెట్లు వాములకెక్కుటకు ముందు, అనంతపురము మెట్టసీమలో ఏ చేనిగట్టున నిలిచి చూచినను ఒక చిన్న పని కంటబడును. రైతు వంగి, కుప్పనుండి రెండుమూడు కాయలు తుంచి, పిడికిట బట్టి, చెవిచెంతకు దెచ్చి ఆడించును. ఎండవలసినంత ఎండిన కాయయైనచో లోపలి గింజ డొల్లను విడిచి గలగలమనును. తడి యింకను మిగిలియున్న కాయ మూగగా నుండును. "గలగలంటాంది, ఇంగ సంచులకెత్తొచ్చు" అను నిర్ణయము ఆ క్షణముననే జరిగిపోవును. కాయలోని తేమ నూటికి తొమ్మిదివంతులకు మించినచో నిలువయందు బూజు పట్టుననియు, ఆ బూజు విషమై మనుష్యులకును పశువులకును కీడు చేయుననియు వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ తేమను కొలుచుటకు యంత్రములును కలవు. అయినను యంత్రము ఊరికి రాకమునుపు ఆ కొలతను మోసినది ఒక జంటమాట. చేయవలసిన పరీక్ష, దాని ఫలితము, పిమ్మట జరుగవలసిన పని, ఇన్నియు నాలుగక్షరములలో నిమిడియున్నవి.

ఇట్టి మాటలను ధ్వనికి వ్రాసికొన్న నకళ్లుగా నెంచి, పసిపిల్లల భాషయని త్రోసివేయువారు మన విద్యావంతులలో పెక్కురు కలరు. పాఠ్యపుస్తకములలో వీనికి లభించు చోటు మిక్కిలి స్వల్పము. ధ్వన్యనుకరణమని ఒక పేరు పెట్టి, నాలుగు ఉదాహరణలిచ్చి, ఉపాధ్యాయుడు ముందునకు సాగిపోవును. ఇది భాషకు మనము చేయుచున్న అన్యాయమని నా దృఢమైన నమ్మకము. తెలుగు వాక్యములో ఈ మాటలు ప్రవేశించు తీరును ఒకింత నిదానముగ పరిశీలింపుడు. కాయ గలగలమనును. నూనె చిటచిటమనును. ఎండ చుర్రుమనును. గుండె ఝల్లుమనును. ఈ అన్నిచోట్లను క్రియగా నిలిచినది 'అను' ధాతువు. మనుష్యుడు "రేపు వత్తును" అనునప్పుడు నిలుచునదియు నిదియే. కాయకును, నూనెకును, ఎండకును, మనుష్యునకును మనము ఒకే క్రియను పంచియిచ్చితిమి. వస్తువు పలికినది, విన్నవాడు దానిని ఉన్నదున్నట్లు అప్పగించుచున్నాడు అను భావము ఈ వాక్యనిర్మాణమునందే యున్నది.

చప్పుడే లేనిచోట గూడ ఈ వ్యవస్థ ఆగిపోలేదు. వెలవెలబోయిన మొగమునకు ధ్వని యెక్కడిది? మిలమిలలాడు నక్షత్రమునకు, నిగనిగలాడు నల్లరేగడికి, నకనకలాడు ఆకలికి చెవి కందునది ఏమున్నది? కంటికి, చర్మమునకు, కడుపునకు తోచినదానిని గూడ తెలుగు చెవి విన్నట్లుగనే పలికెను. పైగా ప్రతి జంటమాటకును దానిదైన క్రియ యొకటి నియతమై యుండును: మొగము వెలవెలబోవును, నిప్పు కణకణమండును, పైరు మలమలమాడును, కన్నీరు జలజలరాలును. ఆకలి మిలమిలలాడినదని యెవడైన ననినచో అయిదేండ్ల బాలుడైనను పకపక నవ్వును. ఆ బాలునకు ఈ నియమమును ఎవరును బోధింపలేదు. వ్యాకరణమున ఇందుకు సూత్రమును వెదుకబోయిన పెద్దలకు సులభముగ దొరకదు.

ఈ సంపదను గౌరవముగ చూచుకొను జాతి యెట్లుండునో తెలియవలెనన్న జపాను దేశము వైపు చూడవలెను. అచట ఇట్టి మాటలకు శాస్త్రీయములైన పేర్లు కలవు. వినబడు ధ్వనిని పలుకునది గియోంగో. ధ్వనిలేని స్థితిని, చలనమును పలుకునది గితాయిగో. మనస్సులోని అలజడిని పలుకునది గిజోగో. 2007లో ఓనో మసహిరో అను పండితుడు సంకలనము చేసిన ఒక్క నిఘంటువునందే ఇట్టివి 4,500 వరకు చేరినవి. వాననే తీసికొన్నచో, తొలి చినుకులు ఒక్కటొక్కటిగ రాలుట పొత్సుపొత్సు; సద్దులేక నేలను నానబెట్టు సన్నవాన శితోశితో; కుండపోత జాజా. మంచు నిశ్శబ్దముగ కురియుటకు శిన్శిన్ అందురు; నిశ్శబ్దమునకే 'శీన్' అని యొక ధ్వని నిచ్చినారు. గొంతుక గాని నేల గాని చెరువు గాని తడియారిపోయినచో కరకర. ఎండ చర్మమును కాల్చుట జిరిజిరి. కడుపు ఖాళీయగుట పెకొపెకో. ఈ మాటలను వాక్యములో నిలుపుటకు వారు తరచుగ వాడు ప్రత్యయము 'తొ'. ఇతరుల పలుకును ఉదాహరించునప్పుడు వాడునదియు నదియే. మన 'అని' చేయు పనినే అది చేయుచున్నది. సముద్రములు దాటియున్న రెండు భాషలు, వస్తువు కూడ మాటాడునను నొకే యూహను, తమతమ వ్యాకరణములలో వేర్వేరుగ నిలుపుకొన్నవన్నమాట.

ఈ సామ్యమును చూచి చుట్టరికము కలుపుటకు తొందరపడరాదు. సుసుము ఓనో అను జపాను భాషావేత్త తన భాషకును తమిళమునకును సంబంధమున్నదని బహుకాలము వాదించెను. భాషాశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని అంగీకరింపలేదు. జపాను కరకరకు ఎండిపోవుట అర్థము, తెలుగు కరకరకు పంటి క్రింద నలుగు ఎండుదనము అర్థము అగుట చుట్టరికమువలన గాక, మానవుని నోరు అంతటను ఒక్కటే యగుటవలన కలిగియుండవచ్చును. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ అను శాస్త్రజ్ఞులు, కోణములు దేలిన బొమ్మ నొకదానిని, గుండ్రని వంపుల బొమ్మ నొకదానిని చూపి, వీనిలో 'కికి' ఏది, 'బూబా' ఏది అని యడుగగా, అమెరికా విద్యార్థులును తమిళము మాటాడువారును నూటికి తొంబదిమందికి పైగా కోణముల బొమ్మకే 'కికి' అను పేరు పెట్టిరి. జపానులో చిన్నగుండు దొర్లుట కొరొకొరో, పెద్దబండ దొర్లుట గొరొగొరో. మన వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, పరుషములు తేలికకును సరళములు బరువునకును ఏర్పడినవి. తెలుగునందును చినుకు టపటపమనును, గోడ దబదబ కూలును. పుల్లలు పటపట విరుగును, గుండె దడదడ కొట్టుకొనును.

భారతదేశములో ఈ విషయమును గట్టి పునాదిపై నిలిపినవాడు భాషావేత్త మర్రే ఎమెనో. 1969లో 'లాంగ్వేజ్' పత్రికలో ప్రకటించిన వ్యాసమున ఆయన, ఈ ధ్వనిపదములు ద్రావిడ, ఆర్య భాషాకుటుంబముల హద్దులు దాటి దేశమంతట వ్యాపించిన ఉమ్మడిసొత్తని పదముల పట్టికలతో నిరూపించెను. తమిళుల ప్రాచీన వ్యాకరణమగు తొల్కాప్పియము ఏనాడో 'ఇరట్టైక్కిళవి' యని ఈ జంటలకు పేరిడి, జంటను విడదీసినచో మాట నిలువదని గుర్తించినది. గల యన్నచో ఏమున్నది? గలగల యన్నప్పుడే గింజ కదలును. మన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఆమ్రేడితమును గూర్చి చేసిన సూత్రములు మాత్రము వేరొక మార్గమువి: పగలు పగలు పట్టపగలగుట, బయలు బయలు బట్టబయలగుట అందలి విషయము. ఆ రెండు మాటలును ఈ సీమకు సరిగా నొప్పినవని ఇచట ప్రసంగవశమున చెప్పకుండలేను. మేమాసమున ఉరవకొండ దాటి పడమరకు పోయినవానికి పట్టపగలును బట్టబయలును ఒకే అనుభవముగ తోచును.

అనంతపురమునకు భాషాశాస్త్రము క్రొత్తది కాదు. 1928లో నంద్యాల సభయందు దత్తమండలములకు రాయలసీమ యని నామకరణము చేసిన చిలుకూరి నారాయణరావు, అనంతపురము దత్తమండల కళాశాలలో తెలుగు ఉపాధ్యాయుడై యుండి ఆంధ్రభాషా చరిత్రమును రచించెను. తెలుగు ప్రాకృతములనుండి పుట్టినదను ఆయన సిద్ధాంతము నిలువలేదు. అయినను ఊరూరి సామెతలను వేలకొలదిగ సేకరించుటలో ఆయన చూపిన శ్రద్ధ, పండితులు చిల్లరయని యెంచిన వాఙ్మయమునకు ఆయన యిచ్చిన గౌరవము, ఇచటినుండియే మరల మొదలుకావలసినవి.

సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు నేల యిది. తూర్పు కనుమలకును పడమటి కనుమలకును నడుమ జిక్కి, రెండు ఋతుపవనములును అలసిన పిమ్మట చేరు చోటు. దేశములో జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన గల జిల్లా లేదని తరచుగ చెప్పబడుచుండును. వాన అరుదైన చోట వానమాటలును కొద్దియే యుండునని యనుకొనుట పొరపాటు. అరుదుగ వచ్చు అతిథి నడకను మెలకువతో వినువారు ఇచటనే యున్నారు. నాలుగు చినుకులు టపటపమని రాలి దుమ్ము అణచిపోయినచో అది వాన కాదు. దబదబమని యొక గడియ కురిసి వంకలో పారిపోయినను అది చేనిది కాదు. ఉరుము పెళపెళమని, మెరుపు తళతళమని, మబ్బు తేలిపోయిన దినములు ఎన్నియో కలవు. సద్దు తగ్గి, సన్నగ, రాత్రి యంతయు పట్టినదే పదునువాన. జేనెడు లోతున మన్ను తడిసి, గొర్రు దిగి, విత్తనము మొలచుటకు తగిన పదును అప్పుడు కలుగును. చప్పుడెక్కువైన వానకు ప్రయోజనము తక్కువయను వివేకము ఈ మాటల క్రమమునందే యున్నది.

ఇండ్లకప్పులు మారుటతో వాన పలుకును మారినది. మట్టిమిద్దెపై వాన దాదాపు మూగది; మిద్దె తడిని త్రాగుచు ధ్వనిని మ్రింగును. రేకుల కప్పుపై సన్నచినుకును దడదడమనును. మిద్దె క్రింద పెరిగిన ముసలివాడు రేకుల క్రింద పండుకొని, పెనువాన కురియుచున్నదని లేచి వాకిట నిలిచి చూచును. చేయి చాచినచో అరచేయి పూర్తిగ తడియదు. అతని చెవి అబద్ధము విన్నదనుటకు వీలులేదు. ఒకప్పుడు ఆ చెవికి తెలిసిన లెక్క, కప్పు మారినందున చెల్లకపోయినది. ధ్వనిపదములు స్థిరములు కావు. ఇంటికప్పుతో, పనిముట్టుతో, పంటతో అవియు మారుచుండును.

పదును కుదిరి విత్తిన పిమ్మట రైతు భయము బెట్టను గూర్చి. చెనక్కాయ పూవు మట్టిపైన పూచును. పూవురాలినచోటనుండి ఊడ దిగి మట్టిలో జొచ్చినప్పుడే కాయ యగును. ఊడలు దిగు వేళ నేల గట్టిపడినచో అవి గాలిలోనే యెండిపోవును. అప్పుడు నడుచు పాదము క్రింద ఎర్రమన్ను పెళపెళమనును, ఆకు గరగరమనును, ఎండ చురచురమనును, రైతు మనస్సు గిలగిలలాడును. వరుసగ నాలుగు జంటమాటలు. నేల, చెట్టు, ఆకాశము, మనుష్యుడు. ఒక బెట్టకాలపు చరిత్రయంతయు ఇంత సంగ్రహముగ చెప్పు సాధనము మరొకటి నాకు కనబడదు.

నీటి విషయము ఇంకను నిశితము. వీధికొళాయి యొద్ద వరుసలో నున్న స్త్రీలు బిందెవైపు చూడక మాటాడుకొనుచునే యుందురు. బిందె నిండినదో లేదో చెవి చెప్పును. అడుగున ధార పడునప్పుడు టంగుటంగుమనును. సగము దాటిన పిమ్మట బుడబుడమనును. మూతికి వచ్చుకొలది లోపలి గాలి యరుకై శ్రుతి పైకెక్కును. కొళాయి బుస్సుమనినదా, ఆ పూటకు అంతే. గొట్టములో మిగిలినది గాలి యొక్కటే. 1990ల నడుమ శ్రీ సత్యసాయి తాగునీటి పథకము వందలాది గ్రామములకు నీరు చేర్చిన పిమ్మట ఈ కష్టము చాలచోట్ల తగ్గినది గాని, వేసవి వచ్చినదన్న తాగునీటికి కటకట యను శీర్షిక మన పత్రికలలో నేటికిని మానలేదు.

ఆ కటకట యను మాట నన్ను బహుకాలముగ వదలకున్నది. ప్రాచీనకావ్యములలో కటకటా యనునది శోకమున నోట వెలువడు ఆర్తనాదము. భర్తను గోల్పోయిన సతి యనును, పుత్రుని గోల్పోయిన తండ్రి యనును. కటకటపడుట యన్నచో దుఃఖించుట. కాలక్రమమున ఆ యేడ్పు నామవాచకమై కొరతకు పేరైనది. నీటికి కటకట, తిండికి కటకట, మేతకు కటకట. కొరత యనునది ఇంత యని కొలిచి చెప్పదగిన అంశము. కటకట యనునది మాత్రము దానిని అనుభవించువాని గొంతుకనుండి వచ్చినది. 1876లో మొదలై రెండేండ్లు దక్షిణదేశమును దహించిన ధాత కరువు ఈ సీమలో ఎందరిని బలిగొన్నదో ప్రభుత్వపు నివేదికలు అంకెలలో వ్రాసినవి. శీర్షికను కూర్చు ఉపసంపాదకుడు, తనకు తెలియకయే, అంకె చేరలేని చోటికి పాఠకుని చేర్చుచున్నాడు.

వానను రప్పించుటకును ఈ సీమ ధ్వనినే ఆశ్రయించినది. కప్పను రోకటికి కట్టి ఇల్లిల్లు త్రిప్పి నీరు పోయు కప్పతల్లి వేడుకలో, బెకబెకమను గొంతుక వానను పిలుచునని నమ్మకము. ఊరి గుడిలో తిక్కన విరాటపర్వమును బిగ్గరగ చదివించిన వాన కురియునని పెద్దలు నమ్ముదురు. అన్నిటికంటె విశేషమైనది ఉరుములవారి వాద్యము. దాని పేరే ఉరుము. ఒకవైపు చర్మమును వంపుకర్రతో రుద్దగా మేఘము గొణిగినట్లు గురగురమను నాదము పుట్టును; రెండవవైపు కొట్టగా పిడుగుధ్వని లేచును. గ్రామదేవతల జాతరలలో ఉరుముల నృత్యమును చేయు కళాకారులు అనంతపురము జానపదకళకే గుర్తుగ నిలిచినారు. మింటనున్న ధ్వనిని తోలుపై దింపి, దానికే పేరు పెట్టి, అడుగువేయుట ఎంత సాహసమైన యూహ!

ధర్మవరము సమీపముననున్న నిమ్మలకుంటయందు తోలుబొమ్మలాటకు తెరవెనుక కూర్చున్నవారు గూడ ఈ విద్యలోనివారే. బొమ్మ చర్మముది, అది పలుకదు. ఆడించువాని గొంతుకయు, పాదము క్రింద తొక్కు చెక్కల టకటకయు కలసి రావణుని రథమును నడపును. ఆ యూరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినప్పుడు, రంగులద్దిన తోలునకు వచ్చిన గౌరవముగ దానిని లోకము గ్రహించినది. తెరవెనుక చెక్కలకును అందులో పాలున్నదని నేను తలంచుచున్నాను. ధర్మవరము పట్టుమగ్గముల నాడె చప్పుడును ఈ వరుసలోనిదే. నాడె పోయి వచ్చు తాళమును బట్టి పోగు తెగినది మగ్గపువాని కంటికంటె ముందు చెవికి తెలియును. విద్యుత్తు మగ్గము దడదడలో ఆ తేడా వినరాదు.

జపానులో ధ్వనిపదములను అన్నిటికంటె స్వతంత్రముగ, నిఘంటువులలో లేనివానిని గూడ సృష్టించి వాడిన రచయిత మియాజావా కెంజి. 1896లో ఇవాతె మండలములో పుట్టి 1933లో మరణించిన ఈయన హనమకి వ్యవసాయ పాఠశాలలో ఉపాధ్యాయుడై మన్నును పరీక్షించి, ఎరువుల లెక్కలు కట్టి, పేదరైతులకు సలహాలు చెప్పుచు గడపినవాడు. చలి వేసవులవలన పంటలు పోయి కరవులు వచ్చు ప్రాంతమది. గాలిని, వానను, నేలను ఆలించుటకు అలవాటుపడిన చెవి ఆయన కథలకు ఆ ధ్వనుల నిచ్చినది. మన సీమలో ఆ స్థానమున నిలువదగినవాడు 1915లో తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వము. ఎండిన పెన్నను, దాని యొడ్డున ఎండిన బ్రతుకులను పెన్నేటి పాటగ చేసిన ఆయనకు సంస్కృతమెంత వశమో పల్లెనోటి పలుకును అంత వశము. నీరులేని నదికి పాట కట్టుటకు, నీటి గలగలను జ్ఞాపకమున నిలుపుకొన్న చెవి కావలెను.

ఇప్పుడు చేయవలసిన పని యొకటి యున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయపదములను జిల్లాలవారీగ సేకరించి, తెలుగున అట్టి ప్రయత్నమునకు దారి చూపినది. నాగలి భాగములు, నేలరకములు, పంటల తెగుళ్లు మున్నగువాని పేర్లు అట్లు దక్కినవి. వస్తువులు పలికిన పలుకులను గూడ అదే శ్రద్ధతో సేకరింపవలెను. అనంతపురములో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున్నది, తెలుగుశాఖ విద్యార్థులున్నారు, ప్రతివాని జేబులోను ధ్వనిని పట్టు ఫోనున్నది. ఈ పని గదిలో కూర్చుండి అడిగిన జరుగదు. "వానకు ఏమేమి మాటలున్నాయి చెప్పవ్వా" అని యడిగినచో ముసలవ్వ రెండుచెప్పి ఊరకుండును. వాన పడుచుండగ ఆమె ప్రక్కన నిలిచినచో పది వినవచ్చును. కావున రోహిణిలో రాయదుర్గము వైపు పోవలెను. విత్తు వేళ కళ్యాణదుర్గము చేలలోను, పెరుకు వేళ కదిరి చేలలోను, జాతరల కాలమున ఉరుములవారి వెంటను నడువవలెను. మాటను మాత్రము వ్రాసికొనిన చాలదు. ప్రతి మాటకును ప్రక్కన మూడు గళ్లుండవలెను: ఏ వస్తువు అనెను, ఏ క్రియతో అనెను, విన్నవాడు పిమ్మట ఏమి చేసెను. మూడవ గడి ఖాళీగ మిగిలినచో సేకర్త మరల ఆ చేనికి పోవలసినదే.